జంపఖానా మీద పప్పు మరకలు

మొన్న సోఫా మీది మరకలు తుడవడానికి కొన్న సీసా మూత తీయగానే గదినిండా నిమ్మకాయ వాసన కమ్ముకుంది. నిజం నిమ్మకాయ కాదు గానీ, ఆ పులుపు ముక్కుకు తగలగానే కర్నూలులోని మా పాత ఇంటి హాలూ, ఎర్రచారల జంపఖానా, దాని మీద వంగి మరకలు రుద్దే అమ్మా గుర్తుకొచ్చి సీసా పక్కన పెట్టి కూర్చున్నాను.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో తలుపులు దగ్గరగా వేసుకుని, అందరం ఆ జంపఖానా మీదే వరుసగా కూర్చుని వేడి సంగటి, గోంగూర పప్పు, ఊరిమిండి అని రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి, ఉగాదికైతే నెయ్యి కారే భక్ష్యాలు తినేవాళ్లం. మా నాయన తండ్రిని జేజినాయన అనేవాళ్లం. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆయన ఎడమచేత్తో తినేవాడు. ఆ చెయ్యీ వణికేది, ముద్ద నోటికి చేరేలోగా సగం కిందపడేది. అమ్మ నూనె మరక మీద శెనగపిండి చల్లేది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ముందు నిమ్మచెక్కతో, ఉప్పుతో రుద్ది మిద్దె మీద ఎండకు వేసేది.

నాయనకు విత్తనాల అంగడి. వ్యాపారం మీద వచ్చేవాళ్లు ఆ హాల్లోనే కూర్చునేవారు. ఒకరోజు ఆయన అమ్మతో అన్నాడు: "రేపట్నించీ మా నాయనకు ఎనక వసారాలో పెట్టు. వచ్చినోళ్లు చూస్తాండారు."

గోడవారగా పడుకున్న జేజినాయన విన్నాడు. మరునాడు వసారాలో కంచం పెడితే "ఆకలి లేదమ్మా" అన్నాడు. ఆ తర్వాత రోజూ అదే మాట. మనిషి ఎండిపోతూ వచ్చాడు. ఆఖరికి అమ్మ ఆయన్ను చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చి, పక్కనే తన కంచం పెట్టుకుని, అందరం చూస్తుండగా ఒక ముద్ద పప్పన్నం జంపఖానా మీద వదిలేసింది.

"నా చెయ్యి గూడా జారుతాండాది మామా. రెండూ కలిపే ఉతుకుతాలే. నువ్వు తిను."

జేజినాయన ఏడుస్తూ తిన్నాడు. నాయన తలెత్తలేదు. కానీ అప్పటికే ముసలాయన ఒంట్లో సత్తువ మిగల్లేదు. వానలు పడకముందే జేజినాయన పోయాడు. కర్మ అయిన మరునాటి నుంచి నాయన తన కంచం తీసుకుని వెనక వసారాలోకి పోయేవాడు. అమ్మ ఎంత పిలిచినా రాలేదు. బతికినన్నాళ్లూ అక్కడే తిన్నాడు.

ఇప్పుడు కల్లూరులోని మా ఇంట్లో నేలమీద కూర్చునేవాళ్లు లేరు. ఎవరి పళ్లెం వాళ్ల గదిలోకి పోతుంది. రోలు లేదు, ఊరిమిండి లేదు, నాయన లేడు. నా దగ్గరే ఉన్న అమ్మ నన్నే గుర్తుపట్టదు. నిన్న అన్నం పెడితే కంచం పక్కకు తోసి, "మామ తిన్యాడా?" అంది.

"తిన్యాడమ్మా."

"కడుపు నిండా?"

"నిండా తిన్యాడు."

అప్పుడు గానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.