నా అంచనా విన్న ట్రాక్టర్లు

ఆర్థికశాస్త్రం నిజంగా శాస్త్రమేనా అన్న చర్చ ఎక్కడైనా మొదలైతే నేను ఇప్పుడు మంచినీళ్ళ కోసం లేస్తాను. మూడేళ్ళ కిందట లేచేవాణ్ణి కాదు. ఆ చర్చ మొదలుపెట్టేవాణ్ణే నేను.

నాది కోదాడ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. చదివింది ఇంజనీరింగు. సిమెంటు, ఇసుక, నీళ్ళు కొలత ప్రకారం కలిపి క్యూబులు పోస్తాం. నీళ్ళలో నానబెడతాం. ఇరవై ఎనిమిదో రోజున యంత్రం కింద పెట్టి పగిలేదాకా నొక్కుతాం. ఏ బరువుకు పగులుతుందో నేను ముందే ఒక అంకె అనుకుంటాను. సాధారణంగా దానికి అటూ ఇటూగానే పగులుతుంది. తప్పితే ఎందుకు తప్పిందో వెతికితే దొరుకుతుంది: ఇసుకలో మన్ను ఉండటం, నీళ్ళు ఎక్కువ కావడం, కలిపినవాడు తొందరపడటం. అలాంటి చోట పనిచేసేవాడికి ప్రపంచమంతా వెతికితే దొరికేదిగానే కనిపిస్తుంది. నాకు మరీ అలా కనిపించేది. కూరగాయలకు వెళ్ళినా వరుస నంబర్లు వేసుకుని వెళ్ళేవాణ్ణి.

కోదాడలోనే మా వదిన ఉంటుంది. మా చిన్నాయనకు పెద్దకోడలు. పుట్టిల్లు జగ్గయ్యపేట వైపు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఆదివారం వాళ్ళింట్లో భోజనం చేయడం నాకు అలవాటు. భోజనం దగ్గర ఆమె సబ్జెక్టును ఎగతాళి చేయడమూ అలవాటే. ఆ వానాకాలం పంట కోతకొచ్చే ముందు ఒక ఆదివారం, ఎడమచేతి వేళ్ళు మడుస్తూ చెప్పాను.

"శాస్త్రం అనాలంటే మూడుండాలె వదినా. ఒకటి, కొలవాలె. రెండు, ఎవరు చేసినా అదే ఫలితం రావాలె. మూడు, జరగకముందే చెప్పాలె. మీవోళ్ళు అంతా అయిపోయినంక ఎందుకైందో చెప్తరు. అది కటింగ్ షాపుల గూడ చెప్తరు."

వదిన చారు గిన్నె మీద మూత పెట్టింది. "నీ క్యూబుకి ముందే చెప్తావా మరిదీ, నువ్వు ఇంత బరువుకి పగులుతావమ్మా అని?"

"దానికి చెప్పుడేంది?"

"చెప్పినా దానికి వినపడదు కదా. మావాళ్ళకి వినపడుద్ది. విని మనసు మార్చుకుంటారు. వినే క్యూబునొకదాన్ని పగలగొట్టి చూపించు, నీ మూడు వేళ్ళకీ దణ్ణం పెడతా. పెరుగు వేసుకో."

పెరుగు వేసుకున్నాను. ఆమె చెప్పింది జవాబు కాదు, సాకు అనుకున్నాను.

మా వైపు సన్నవడ్లు పండించేవాళ్ళు చాలామంది వాటిని మిర్యాలగూడ మిల్లులకు తోలుతారు. మిషన్ కోసిన పచ్చి వడ్లను ఆరబెట్టకుండానే ట్రాక్టరులో పోసుకుని మిల్లు గేటు ముందు వరుసలో నిలబడతారు. ఆరబోసే చాకిరీ తప్పుతుంది. కానీ పచ్చి వడ్లు ఆగవు. కుప్పలో వేడెక్కుతాయి, రంగు తిరుగుతాయి, మర పట్టినప్పుడు నూక ఎక్కువవుతుంది. అందుకే కోత అయ్యాక రైతు చేతిలో బేరమంటూ ఏమీ మిగలదు. ఏ రోజు కోయాలన్నది ఒక్కటే అతను చేయగల బేరం.

చిన్నాయనది మోతె మండలంలో ఊరు. ఆయన పొలం కాలువ చివరన ఉంటుంది. ఆ ఏడు నీళ్ళు అందక సగం మడులు ఎండిపోయాయి. మిగిలిన నాలుగెకరాలే ఆయనకు ఏడాది పంట. మంచి రేటుకు అమ్మగలిగితే ఎండిపోయిన సగానికి పెట్టింది కూడా కొంత చేతికొస్తుంది. లేకపోతే లేదు. ఒకరోజు ఫోన్ చేసి అడిగాడు.

"కొడుకా, నీ లెక్కలల్ల ఎప్పుడు కోస్తే మంచిదో ఏమన్న దొరుకుతదారా?"

ఎవరైనా ఆ మాట అడగాలని నేను అప్పటికే ఎదురుచూస్తున్నాను. మిల్లుల దగ్గర తెలిసినవాళ్ళను రోజూ సాయంత్రం అడిగి రెండు సంగతులు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాను: గేట్ల ముందు ఎన్ని ట్రాక్టర్లు ఆగాయి, ఏ రేటు పలికింది. ఒక తీరు స్పష్టంగా కనిపించింది. వరుస పెరిగితే రేటు పడుతుంది. అది విని రైతులు కోత ఆపుతారు. రెండు మూడు రోజులకు వరుస పలచబడుతుంది. మరలు ఖాళీగా తిరగకూడదు కాబట్టి మిల్లులవాళ్ళు మళ్ళీ రేటు పెంచుతారు. గీత గీస్తే అలలాగా వచ్చింది. నా లెక్క ప్రకారం వచ్చే గురువారం వరుస బాగా తక్కువ, రేటు బాగా ఎక్కువ. బుధవారం కోయండి, గురువారం పొద్దున్నే గేటు దగ్గర ఉండండి అని కారణాలకు ఒకటి, రెండు, మూడు నంబర్లు వేసి పంపాను.

చిన్నాయన దాన్ని మా బంధువుల గ్రూపులో పెట్టాడు. పైన తన మాటగా, "మా పెద్దన్న కొడుకు ఇంజనీరు లెక్క కట్టిండు" అని రాశాడు. మంగళవారం మధ్యాహ్నం ల్యాబులో నాతో పనిచేసే ఒకాయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. "మీకు వడ్లున్నయా సార్? మిల్లు నిపుణుల అంచనా అంట, చూడండి." చూశాను. నా మూడు కారణాలూ నంబర్లతో సహా ఉన్నాయి. చిన్నాయన రాసిన వాక్యం మాత్రం రాలిపోయింది. అది ఎన్ని ఊళ్ళు తిరిగి అక్కడికి వచ్చిందో తెలియదు.

నాకు భయం వేయాల్సింది అప్పుడే. విని మనసు మార్చుకుంటారని ఆ ఆదివారం వదిన చెప్పిన మాటే ఆ ఫోన్‌లో వెలుగుతోంది. కానీ నాకు సంతోషం వేసింది. నేనొక్కణ్ణే అయినా నిపుణులు అని బహువచనంలో రాయడం కూడా నచ్చింది.

గురువారం సెలవు పెట్టాను. చిన్నాయనకు సాయంగా వెళుతున్నానని ఇంట్లో చెప్పాను కానీ, వెళ్ళింది నా లెక్క నిజం కావడం కళ్ళారా చూడ్డానికి. సూర్యాపేటలో చిన్నాయన ట్రాక్టరు ఎక్కి, ఆయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. మిర్యాలగూడ ఇంకా దూరముండగానే ట్రాక్టర్లు కనిపించడం మొదలైంది. ముందు అక్కడక్కడా, తర్వాత ఒకదాని వెనక ఒకటి. మిల్లులు కంటికి కనపడకముందే మా బండి ఆగిపోయింది.

"ఇయ్యాల తక్కువుంటయన్నవ్ గద" అన్నాడు చిన్నాయన. నిందలా అనలేదు. నేనేదో వివరం చెబుతానన్నట్టు అడిగాడు.

మా ముందున్న బండి మాడుగులపల్లి దగ్గరి రైతుది. మిర్యాలగూడకు అటువైపు ఊరు. అక్కడి మిల్లుల దగ్గర చోటు లేక ఇటు తిరిగి వచ్చాడట. దిగి బీడీ వెలిగించుకుని మా దగ్గరికొచ్చాడు.

"మీరు గూడ ఆ నిపుణుల మాట ఇన్నరా అన్నా?"

"గట్లనే అనుకో" అన్నాడు చిన్నాయన.

"ఎవడు వాడు? దొరికితే ఈ వడ్లల్ల పండవెట్టాలె, ఉడుకుతడు."

వెనక బండి మీది ముసలాయన నవ్వాడు. "నిపుణుడు ఇంట్ల ఫ్యాన్ కింద పండుంటడు. ఆనికేం పరేషాన్."

నేను టార్పాలిన్ తాడు బిగుసుగా ఉందో లేదో చూస్తున్నట్టు అటు తిరిగాను. చిన్నాయన నా వైపు చూడకుండానే, "ఎవడో మంచికే పెట్టి ఉంటడు తియ్యి" అన్నాడు. ఇంకో మాట అంటే ఆ మెసేజ్ రాసింది నేనే అని తెలిసిపోతుంది. ఆయన ఆ మాట అనలేదు. నేనూ అనలేదు.

కాసేపటికి ముసలాయన ఇంకో సంగతి అన్నాడు. "మెసేజ్ లేదు, పాడు లేదు. మిషిన్ దొరికిన నాడు కోసినం. మబ్బు పట్టింది, ఆగుతమా? నేను ఫోన్ సూడనే సూడ."

ఆ మాట వినగానే గుండెల మీద బరువు దిగినట్టయింది. వెంటనే మనసులో జాబితా మొదలైంది. వరుసకు కారణాలు: ఒకటి, నా మెసేజ్. రెండు, మబ్బు. మూడు, కోత మిషన్లు ఖాళీ అయిన రోజు. ఇందులో నా వాటా ఎంత? సగమా, పావా, అసలు లేదా? ల్యాబులో అయితే ఇంకో క్యూబు పోసేవాణ్ణి, మెసేజ్ కలపకుండా. ఈ గురువారాన్ని మళ్ళీ పోయడానికి అచ్చు లేదు. ఎంత సిగ్గుపడాలో కొలుచుకోవడానికి కూడా నా దగ్గర పద్ధతి లేదని తెలిసి, ఉన్న సిగ్గు ఇంకా పెరిగింది.

వదినకు ఫోన్ చేశాను. సంగతి చెప్పి, ఎగతాళి చేస్తుందని కాచుకున్నాను. చేయలేదు.

"మామయ్య వడ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది ముందు.

"వేడెక్కుతున్నయ్. వదినా, ఇందుల నా మెసేజ్ వల్ల ఎంతో తేల్చేది మీ సబ్జెక్టుల ఉందా?"

"ఉంది. మెసేజ్ చేరిన ఊళ్ళెన్ని, చేరనివెన్ని, రెండు చోట్ల నుంచీ ఎన్ని బళ్ళు వచ్చాయి, మబ్బు రెండుచోట్లా ఒకటేనా, అవన్నీ కావాలి. ఉన్నాయా నీ దగ్గర?"

"లేవు."

"అయితే తెలియదు అనాలి. మేం పిల్లలకి ముందు నేర్పేది అదే మరిదీ. నీకు మా లెక్కలు తెలుసు, ఆ లెక్క తప్పేమోనన్న మా భయం తెలియదు." ఫోన్ పెట్టేసే ముందు, "మామయ్యకి ఇంక ఏం సలహాలు ఇవ్వకు" అంది.

సరేనన్నాను. ఆమె అన్న భయం నాకు అర్థమైందనే అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మా బండి గేటు దగ్గరికి చేరింది. మిల్లు గుమస్తా టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీశాడు. అరచేతుల మధ్య నలిపి, బియ్యం ఊది చూసి, రేటు చెప్పాడు. సోమవారం పలికినదానికంటే బాగా తక్కువ. చిన్నాయన నా వైపు తిరిగాడు.

"ఏమంటవ్ కొడుకా? ఈడనే పోద్దమా?"

తెలియదు అనాల్సిన చోటు అదే. అప్పటికి గంట కిందటే ఆ మాట నేర్చుకున్నాను. కానీ ఆయన ముఖంలో ఇంకా నమ్మకం ఉంది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఫోన్ తీశాను. ఊరికి అవతలి కొసన ఒక మిల్లు ఉంది. నా పట్టికలో ప్రతిరోజూ అక్కడ రేటు మిగతావాటికంటే ఒక మెట్టు పైనే ఉంది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

"వద్దు చిన్నాయనా. అటు పోదం" అన్నాను.

వరుసలోంచి బయటికి వచ్చాం. మా చోటులోకి వెనక ముసలాయన బండి జరిగింది. ఊరు దాటి రెండో మిల్లు చేరేసరికి అక్కడా వరుస ఉంది. నిలబడ్డాం. గేటు దగ్గరికొచ్చేటప్పటికి పొద్దు వాలుతోంది. ఆ మిల్లు తరతరాలుగా వడ్ల వ్యాపారం చేస్తున్న కుటుంబానిది. గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు.

"ఏ ఊరు అన్నా? మా దగ్గర ఎప్పుడన్న పోసిన్రా?"

"లేదు" అన్నాడు చిన్నాయన.

నేను ముందుకు జరిగి నా పట్టికలోని రేటు చెప్పాను. గుమస్తా నవ్వాడు. "ఆ రేటు ఏటా మాకే పోసేటోళ్ళది తమ్మీ. ధర పడ్డనాడు గూడ వేరేకాడికి పోరు వాళ్ళు. కొత్తబండికి అది రాదు."

నా పట్టికలో తేదీ ఉంది, మిల్లు ఉంది, రేటు ఉంది. ఆ రేటు ఎవరికి ఇచ్చారన్న గడి లేదు. అది ఉండాలని నాకు తట్టనే లేదు. పొద్దుటి వరుసలో నా వాటా ఎంతో ఎవరూ తేల్చలేరు. ఇది మాత్రం పూర్తిగా నాదే. మబ్బుకూ మిషన్లకూ ఇందులో వాటా లేదు. నేను ఎగతాళి చేసిన శాస్త్రాన్నే రెండుసార్లు వాడాను, అందులోవాళ్ళు పడే అనుమానం ఒక్కటి వదిలేసి.

గుమస్తా వడ్లలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చాడు. "బాగ కాగినయ్ అన్నా" అని చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. మొదటి మిల్లు చెప్పినదానికంటే కూడా తక్కువ చెప్పాడు.

నేను చిన్నాయన ముఖం కేసి చూస్తూ నిలబడ్డాను. ఈసారి అడిగితే తెలియదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన అడగలేదు. నా వైపు తిరగలేదు కూడా. ట్రాలీ వెనక్కి వెళ్ళి టార్పాలిన్ ముడి తనే విప్పుకుంటూ, "పోసుకోండ్రి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఖాళీ ట్రాలీ చప్పుడే. సూర్యాపేట దగ్గర పడ్డాక టీ కోసం ఆగాం. నాకొక గ్లాసు అందిస్తూ, ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నం మంచిగ పెడతారా అని అడిగాడు. పెడతారని చెప్పాను.

ఆ తర్వాతి యాసంగి పంట ఆయన ఎప్పుడు కోశాడో, ఎవరికి అమ్మాడో, వడ్లు అమ్ముడుపోయాకే, అదీ వదిన చెబితే, నాకు తెలిసింది.