ఆయన పేరు తీసేసినవాళ్ల సంతాపం

భాయ్ పోయారు. సెలవు మీద నెల్లూరు వెళ్లిన మనిషి గుండెపోటుతో అక్కడే పోయారని సోమవారం పొద్దున ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. షార్జా ఆఫీసులో నా పక్క కుర్చీ ఆయనది. నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఆయనే. ఏడుపుకన్నా ముందు నాకు ఒళ్లు మండింది.

ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా షరతులు చదవకుండా "సరే" నొక్కితే ఊరుకునేవారు కాదు. "చదివినావా పాపా? చదవకుండా ఒప్పుకునేదేంది?" అని మళ్లీ మొదటికి తెచ్చేవారు. ఎంత విసుక్కునేదాన్నో!

జెబెల్ అలీ లేబర్ క్యాంపులో ఆయన బామ్మర్ది ఉండేవాడు. పాత ఫోను, రెండు చాట్ యాప్‌లు ఎక్కిస్తే మూడోదానికి చోటుండదు. అలాంటివాళ్ల కోసం, అన్ని చాట్‌లూ ఒకే చోట కనిపించేలా, ఒక ఓపెన్ సోర్స్ మెసేజింగ్ సాఫ్ట్‌వేర్‌కి భాయ్ వంతెన లాంటి ప్రోగ్రాం రాశారు. శుక్రవారం నమాజు అయ్యాక కఫెటేరియాలో కూర్చుని, కరక్ చాయ్ చల్లారిపోయేదాకా రాసేవారు. అది నడవాలంటే ఒక చాట్ కంపెనీ కోడ్ కూడా కావాలి, కానీ దాన్ని వేరే ప్రోగ్రాంతో కలిపి పంచడానికి ఆ కంపెనీ లైసెన్సు ఒప్పుకోదు.

"కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది భాయ్?" అన్నాను.

"నాకు తెలుస్తది గదా. వాళ్ల సొత్తు మన మూటలో కట్టకూడదు. కావాల్సినోళ్లు వాళ్ల దగ్గరే తెచ్చుకుంటారు."

రెంటినీ విడివిడిగా నడిపించడానికి ఇంకో ఏడాది కష్టపడ్డారు. తన కోడ్‌కి ఆయన పెట్టిన షరతులు రెండే. నా పేరూ ఈ లైసెన్సూ తీయకండి, మీరు మార్చింది మళ్లీ అందరికీ ఇవ్వండి.

మా కంపెనీ ఏం చేసిందో తెలుసా? రెంటినీ కలిపి ఒకే డబ్బాలో బిగించి, సొంత యాప్ అని అమ్మింది. భాయ్ పేరు ఎక్కడా లేదు. ఆయన ముదీర్ క్యాబిన్‌కి, అంటే మా మేనేజర్ దగ్గరికి వెళ్లారు, వెనకాలే నేనూ. పేరు, లైసెన్సు ఫైలు తిరిగి పెడితే చాలని అడిగారు.

ముదీర్ తలైనా ఎత్తలేదు. "వీసా హమారా, కామ్ భీ హమారా. ఖలాస్!" వీసా మాది, పనీ మాదే, ఇక మాటల్లేవని.

సిగ్గుండాలి! బయటికొచ్చాక భాయ్, "ఆ చాట్ కంపెనీవాళ్ల షరతు నేను పాటిస్తిని గదా పాపా" అని మాత్రం అన్నారు. ఆ గదిలో నేను నోరు మెదపలేదు. ఆ కోపం నా మీద కూడా ఉంది.

వాళ్లు తీయనిది ఒక్కటే. వంతెన దాటిన ప్రతి సందేశం కింద, క్యాంపువాళ్లకి అర్థమయ్యేలా, "చేరింది" అని చిన్న తెలుగు అక్షరాలు పడేలా భాయ్ పెట్టారు. ఆఫీసులో తెలుగు చదవగలిగింది మేమిద్దరమే. మిగతావాళ్లు ఏదో అలంకారం అనుకుని వదిలేశారు.

తమ్ముడి ఫోన్ వచ్చిన సోమవారం మధ్యాహ్నమే ముదీర్ సంతాప సందేశం అందరి ఫోన్లకీ వచ్చింది, ఆ యాప్‌లోనే. "నమ్మకమైన ఉద్యోగి" అట! బతిమాలి అడిగినా పెట్టని చోట, ఇప్పుడు లావుపాటి అక్షరాల్లో ఆయన పూర్తి పేరు. కింద చిన్నగా, ఆయన రాసిందే: చేరింది.