గ్యాలను పెట్రోలు, పొలిమేర నెత్తురు

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో మా అక్క భర్తకు షికారు బండి పిచ్చి పట్టింది. లోపలే వండుకుని, లోపలే పడుకుని, సముద్రం ఒడ్డున ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే బండి. నెల్లూరులో ఒక షెడ్డులో పాత మిలిటరీ వ్యాను చూసి పెట్టాడు. ఇద్దరం కలిసి కొనాలి. నేను కాదంటే అది ఆయనకు దక్కదు. చిన్న కారు చాలన్నాను. ఏనుగును కొనడం గొప్ప కాదు, మేపగలమా అని అడిగాను. వాదన ముదిరి ఒకరోజు బావ అన్నం పళ్లెం గోడకేసి కొట్టాడు.

చివరికి పరీక్షకు ఒప్పుకున్నాం. ట్యాంకు గొట్టం విప్పించి, గ్యాలను పెట్రోలు పోసిన డబ్బాను సీటు పక్కన కట్టించి దానికి తగిలించాం. ఆ గ్యాలనుతో, అంటే నాలుగున్నర లీటర్లతో, నెల్లూరునుంచి అల్లూరు చేరితే కొంటాం, లేకుంటే లేదు.

అల్లూరికి ముందు ఒక ఊరి పొలిమేరలో కర్రలు పట్టుకుని మనుషులు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. దున్నపోతు నెత్తురు కలిపిన అన్నం దారి పొడుగునా ఎర్రగా చల్లి ఉంది. కలరా ఊళ్లోకి రాకుండా అమ్మవారికి చేసే కొలుపు. అలా చల్లి పొలిమేర కట్టేస్తే, పొద్దు గూకేదాకా ఎవరూ ఊళ్లోకి రాకూడదు, బయటికి పోకూడదు.

"యాడికి పోతుండారు? ఎనక్కి తిప్పండి" అన్నాడు వాళ్ల పెద్ద.

బావ ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ ఇనప రాడ్డు పెట్టి తిప్పాలి. లేచేలోగా దోసెడు పెట్రోలు తాగుతుంది. నేను దిగాను.

"రోడ్డు సర్కారుది. మీ అమ్మవారు గేటెప్పుడు పెట్టింది? మూగజీవాన్ని నరికి అన్నంలో కలిపితే కలరా భయపడి పారిపోతుందా?"

"ఏంది సామీ నీ పెసంగం? నోరు మూసుకోని పో."

"ముందు జవాబు చెప్పు!"

"బామ్మర్దీ, ఎక్కవయ్యా!" బావ లోపలినుంచి కేకేశాడు. "డబ్బా ఖాళీ అయిపోతాంది!"

"ఉండు బావా, వీళ్లని జవాబు చెప్పనీ."

ఒకడు వ్యాను లైటు పగలగొట్టాడు. గాజు పెళ్లుమనగానే బావ రాడ్డుతో దూకాడు. లైటు కొట్టినవాడి ముంజేయి విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. ఇక కర్రలు లేచాయి. బావ వీపు చిట్లింది. నా తల పగిలి, ఆ ఎర్రటి అన్నంలోనే బోర్లా పడ్డాను.

"ఆగండ్రా!" పెద్ద అరిచాడు. "పొలిమేర మీద మనిషి నెత్తురు పడింది. అమ్మ తీసేసుకునింది. ఇంక వీళ్లని ఆపగూడదు, పోనీండి."

కర్రలు దిగాయి. చెయ్యి విరిగినవాడు సైతం మూలుగుతూనే నా నెత్తురుకు తల వంచి మొక్కాడు. దెబ్బకన్నా అది నన్ను మండించింది.

"నేనేమన్నా దున్నపోతునా? అమ్మ కాదు, మీరు తీశారు!" అని అరుస్తుంటే బావ చొక్కా పట్టి ఈడ్చి నన్ను వ్యానులో పడేశాడు.

ఊరు దాటి మైలు పోయామో లేదో ఇంజను దగ్గి ఆగిపోయింది. ఎదురుగా అల్లూరు ఇళ్లు కనబడుతున్నాయి.

"నీ పెసంగం తాగేసింది పెట్రోలంతా" అన్నాడు బావ. "ఆడ నిలబడిన సేపు తీసేసి లెక్కెయ్యి."

"రైలుగేటు కాడ ఆగదా బండి? ఎడ్లబండి ఎనక ఆగదా? అప్పుడు తాగేదీ లెక్కే. అల్లూరు రాలేదు. నేను కొనను."

"దీనికోసరం మనిషి ఎముక విరగ్గొట్టినాను రా!"

"ఎముకలు విరగ్గొడితే మైలేజీ పెరగదు బావా."

చెంప మీద ఈడ్చి కొట్టాడు. తల గాయం మళ్లీ నెత్తురు చిమ్మింది. తర్వాత వెనకనుంచి ఇంకో డబ్బా తీసి పోసి, రాడ్డు తిప్పి ఇంజను లేపాడు. నన్ను ఎక్కమనలేదు. తనకు దక్కని బండిని తోలుకుంటూ ఒక్కడే అల్లూరు పోయాడు.