అడ్డపొగ, అరకు సంత, కాలిన నా నాలుక

చుట్ట కాల్చడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైనా నేను ఓనమాలు దాటలేదు. పుట్టింది లంక పొగాకు పండే గోదావరి ఊళ్లో. బతుకుతెరువు విజయనగరంలో, ఒక చుట్టల షావుకారు కొట్లో. అయినా రెండు దమ్ములకే దగ్గు, మూడో దమ్ముకి కళ్లనీళ్లు. అలాంటి నన్ను పట్టుకుని షావుకారు, "అరకు సంతకెళ్లి కొండ పొగాకు రుచి చూసి ఒక మోపు పట్టుకురా. బాగుంటే ఆకు కొనే పని నీదే. లేదంటే ఎప్పట్లాగే కొట్లో కట్టలు కట్టుకో" అన్నాడు. నేనేమో ఆ సాయంత్రమే ఇంటికెళ్లి, పని వచ్చేసిందని మా ఆవిడతో చెప్పేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా వ్యవహారం.

బుధవారం తెల్లవారకముందే జట్కా ఎక్కి, ఎండ ముదిరేలోగా శృంగవరపుకోటలో దిగాను. అక్కడి నుంచి ఘాటీ ఎక్కడానికి ఎద్దుబండే గతి. రెండు రోజుల దారి, పోను రాను మూడు రూపాయలు, మధ్యలో అనంతగిరిలో మజిలీ. మన్యం జ్వరం భయంతో క్వినైను పొట్లం కట్టుకున్నాను గానీ, నాకు జరగబోయేదానికి క్వినైను మందు కాదు.

మా బండివాడు ఎర్రయ్య. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసేస్తాడు. ఈ వైపు ఆడా మగా చాలామంది అలాగే కాలుస్తారు. దాన్నే అడ్డపొగ అంటారు. గురువారం అనంతగిరి దాటాక కొండగాలి మొదలైంది. నేను ముట్టించడం, అది ఆరిపోవడం. యుద్ధం రోజుల నుంచి అగ్గిపెట్టె కూడా ప్రియమే, ఒక పెట్టె మొత్తం ఆ గాలికే సమర్పించాను.

"గాలితోటి తగువేటి బాబూ? అడ్డపొగ ఎయ్యండి. గాలికి ఆరదు, మంచుకి తడవదు" అన్నాడు ఎర్రయ్య.

ఒళ్లు మండిపోయి, చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద చుర్రుమంది. బండి మీంచి దూకి, ఎద్దుల కోసం తెచ్చిన నీళ్ల కుండలో మూతి పెట్టాను.

"అయ్యో! నిప్పు నాలిక్కి తగలకుండా పళ్లతోటి కరిసి పట్టుకోవాల బాబూ!"

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ!"

"పొగాకు పండే ఊరోలు కదా, మీకు తెలీదేటి అనుకున్నాను."

నాకూ అదే ఏడుపు.

శుక్రవారం పొద్దున సంతకు చేరేసరికి నాలుక చెక్కముక్కలా ఉంది. ఉప్పూ కారం కూడా తెలియడం లేదు. మళ్లీ సంత అంటే వారం ఆగాలి, షావుకారు ఆగడు. బుద్రి అనే కొండ ముసలావిడ పొగాకు కట్టలు పరుచుకుని కూర్చుంది. అక్కడి పద్ధతి ఏమిటంటే, కట్టకొక ఆకు తీసి, విస్తళ్లు కుట్టే అడ్డాకులో చుట్టి చేతికిస్తారు, కాల్చి చూసుకుని బేరమాడాలి. మూడు కాల్చాను. మూడూ ఒకటే. అయినా పెద్ద తెలిసినవాడిలా కళ్లు మూసుకుని తలూపాను. నాలుగోది అందుకుని, ఒక దమ్ము లాగి, "ఇదీ ఘాటంటే!" అన్నాను.

"అది పనసాకు బాబూ" అంది బుద్రి. నా తలూపుడు చూసి అనుమానమొచ్చి, కావాలనే చుట్టిచ్చిందట. చుట్టుపక్కల నాలుగు దుకాణాలవాళ్లు పడీపడీ నవ్వారు.

ఇక దాచేదేముంది? నోరు తెరిచి నాలుక చాపాను. ఆమె నవ్వు ఆపేసి దగ్గరికి వంగి చూసింది. "ఏటి బాబూ ఇది? ముందే సెప్పాలి కదా, ఊరికే ఆకు కాల్సీసినావు" అని కసిరింది. తర్వాత ఒక ఆకు నా చేతిలో పెట్టింది. "నాలిక పోతే పోనాది. సెయ్యి నేదా, కన్ను నేదా?"

మంచి ఆకు మడిస్తే విరగదట. వాసన ముక్కుకి గుచ్చకూడదట. కాలిస్తే బూడిద తెల్లగా చుట్టకే అంటుకుని నిలవాలట. మధ్యాహ్నం దాకా నా చేత ఏరించింది. తప్పు ఏరినప్పుడల్లా మోచేతి మీద ఒకటి వేసింది.

మంగళవారం విజయనగరంలో షావుకారు నేను కొనితెచ్చిన మోపులోంచి చుట్ట చుట్టి ముట్టించి, కొసదాకా కాల్చి బూడిద చూశాడు. "రుచి ఎలా పట్టావురా?" అన్నాడు చివరికి. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ నటించి విసిగిపోయి ఉన్నాను, జరిగిందంతా చెప్పేశాను, పనసాకుతో సహా.

"నీకంటే ముందు పంపిన ఇద్దరూ రుచి చూశామనే చెప్పారు. తెచ్చింది చెత్త" అన్నాడు. "పని నీదే."

సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. దగ్గు ఇంకా తగ్గలేదు, నాలుక మీద మచ్చ అలాగే ఉంది. ఎనిమిది నెలలు పొగ పీల్చి నేర్చుకోలేనిది ఒక్క పూట పరువు పోగొట్టుకుని నేర్చుకున్నానన్న కోపం మాత్రం నా మీద నాకు చాలా ఉంది. అరకు సంతలో ఆకు కొనబోయేవారికి ఒక్క మాట: తెలియకపోతే కూర్చోగానే తెలియదనండి. వాళ్లు ఎలాగూ నవ్వుతారు, కానీ పనసాకు కాల్చకముందే నేర్పుతారు.