గెంతులమ్మ కీబోర్డు

మా వదిన మనిషి పొడవు. గుమ్మం దాటేటప్పుడు తల కాస్త వంచుతుంది. చేతులు మాత్రం పదేళ్ళ పిల్లవి. గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగులు ఆవిడకి పిల్లల సైజులో వెతికి తేవాలి. పగలంతా కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. మైనం మీద ఒక్కొక్క పన్నూ చెక్కుతుంటే పక్కవాళ్ళు పనాపి చూస్తారట. అక్కడ ఆ చేతులు వరం. సాయంత్రాలూ సెలవురోజులూ మా పాటల బృందంలో కీబోర్డు వాయిస్తుంది. అక్కడికొచ్చేసరికి అవే చేతులు ఆవిడకి పెద్ద పరీక్ష.

నేను ఆవిడ మరిదిని. బృందానికి వ్యాను నడపడం, స్పీకర్లు మోయడం, మిక్సర్ ముందు కూర్చుని ఎవరి గొంతు ఎంత వినపడాలో చూడటం నా పని. నాకు వాయించడం రాదు, పాడటం అసలే రాదు. వినడం మాత్రం వచ్చు. అందుకని వదిన సంగతి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

కీబోర్డు వాయించేవాళ్ళు దాని మెట్ల మీద, అంటే వేళ్ళతో నొక్కే కీల మీద, బొటనవేలూ చిటికెనవేలూ చాచి కింది 'స'నీ పై 'స'నీ ఒకేసారి నొక్కగలగాలి. మామూలు చేతికి అది లెక్కలోకి రాని పని. వదినకి అందదు. ఎంత సాగదీసినా ఒక మెట్టు ఇవతలే ఆగిపోతుంది. చిన్నప్పుడు బళ్ళో సంగీతం టీచరు ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, "నీకు ఫ్లూటు బాగుంటుందమ్మా" అన్నారట, మనసు నొప్పించకుండా. ఈవిడ తల ఊపి, మర్నాడు మళ్ళీ బళ్ళో ఉన్న పాత పియానో ముందే కూర్చుంది.

అందని స్వరాన్ని ఎలా అందుకోవాలో తనే కనిపెట్టుకుంది. కింది స్వరం నొక్కి, అది ఆరిపోకుండా కాలికింద పెడల్‌తో పట్టి ఉంచి, రెప్పపాటులో చెయ్యి పైకి గెంతించేది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. ఎడమచెయ్యి మెట్ల మీద బంతిలా ఎగురుతూ ఉండేది. జనం అదొక స్టైలు అనుకున్నారు. పాటకి అదొక ఊపు తెచ్చింది కూడా. బృందంలో ఆవిడకి 'గెంతులమ్మ' అని పేరు పడిపోయింది. పేరు పెట్టింది మా డ్రమ్స్ వాయించే కుర్రాడు, బృందంలో అందరం తమ్ముడని పిలిచేవాడు. వదిన నవ్వి ఊరుకునేది. అది స్టైలు కాదని, దారి లేక చేసిన పని అని ఎవరితోనూ అనలేదు.

ఒకసారి ఒక ఆఫీసు వాళ్ళ వార్షికోత్సవంలో, మంచి పాట మధ్యలో ఆవిడ కీబోర్డు నడిమెట్లు మూగబోయాయి. నొక్కితే కిందికి దిగుతున్నాయి గానీ పలకటం లేదు. వదిన ముఖం చిట్లించకుండా ఆ మెట్ల మీదుగా దూకేసి పాట ఒడ్డున పడేసింది. వ్యానులో సామాను సర్దుతుంటే మాస్టారు వచ్చారు. మాస్టారంటే మా బృందం పెద్ద, ముఖ్య గాయకుడు. "దీని పని అయిపోయిందమ్మా. కొత్తది చూద్దాం పద. ఇంట్లో సాధనకి కూడా ఏదైనా పనికొస్తుందేమో అదే చేత్తో చూసుకో" అన్నారు.

ఇంట్లో సాధనకి వదిన దగ్గర అప్పటికొక కీబోర్డుంది. పియానోలాగా మెట్లు బరువుగా ఉండే రకం. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేది కాబట్టి చప్పుడు ఎవరికీ వినపడదని అందరం నిశ్చింతగా ఉన్నాం. ఒకరోజు కింద ఫ్లాట్‌లో ఉండే నర్సమ్మ తలుపు తట్టింది. ఆసుపత్రిలో రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి. "ఏమండీ, మీ ఇంట్లో వడ్రంగి పని ఇంకా ఎన్నాళ్ళు?" అంది. మా అన్నయ్య తెల్లముఖం వేశాడు. తర్వాత తెలిసింది. పాట హెడ్‌ఫోన్‌లో ఆగిపోతోంది గానీ, మెట్ల దెబ్బ బల్లలోంచి నేలలోకి దిగి నర్సమ్మ నెత్తిన పడుతోంది. ఆనాటి నుంచి వదిన బల్ల కాళ్ళకింద పాత దిండ్లు పెట్టి, మునివేళ్ళతో వాయించడం మొదలుపెట్టింది.

సరే, మాస్టారూ, వదినా, నేనూ కొట్టుకి వెళ్ళాం. పెద్ద కట్టడంలో పై అంతస్తు మొత్తం కీబోర్డులే. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టి నేను నిలబడిపోయాను. బారులు బారులుగా మనుషులు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. తలలు ఊగుతున్నాయి, వేళ్ళు పరుగులు పెడుతున్నాయి. ఒకాయన కళ్ళు మూసుకుని ఏదో మహా కచేరీలో ఉన్నట్టు ఒరిగిపోతున్నాడు. కానీ హాల్లో పాట లేదు. మెట్ల టకటక ఒక్కటే, రేకుల మీద చినుకులు పడ్డట్టు. ఇన్ని పాటలు ఒక్క గదిలో మోగుతూ, పక్కవాడిది పక్కవాడికి తెలియకుండా పోతున్నాయి.

ఎంచుకునే తీరులూ ఎన్ని రకాలు! ఒక పెద్దాయన వాయించడం మానేసి ఒక్కొక్కదాన్నీ ఎత్తి బరువు చూస్తున్నాడు. పలకరిస్తే, ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదన్నాడు. ఒకమ్మాయి ఒక్కటే మెట్టు నొక్కిపట్టి, కొత్త శబ్దాలు తయారుచేసే సింథసైజర్ మీది గుండ్రటి బిళ్ళలు ఒక్కొక్కటే తిప్పుతోంది. నన్ను చూసి ఒక హెడ్‌ఫోన్ చెవి ఇచ్చింది. గరగరమనే శబ్దం కాస్తా ఆ అమ్మాయి వేలు తిరిగేకొద్దీ గాలై, గాలి గంటై, గంట ఎవరో దూరం నుంచి పిలిచినట్టయింది. "పొద్దుటి నుంచి ఈ ఒక్క స్వరం మీదే ఉన్నానండీ" అంది, సిగ్గుపడుతూ. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

మాస్టారికి కావలసినవి స్పష్టంగా ఉన్నాయి. స్టేజీ మీద చీకట్లో బటన్లు కనపడాలి. వయొలిన్ గొంతు నుంచి ఆర్గన్ గొంతుకి మారేటప్పుడు మధ్యలో ఖాళీ రాకూడదు. నేను ఎత్తగలగాలి. కొట్టులో కుర్రాడు ఓపికగా చూపించాడు. ఒకటి కుదిరింది. పెద్దది, నిండు గొంతు, తేలిక మెట్లు. వదిన దానిమీద నాలుగు గెంతులు గెంతి, "బాగుంది మాస్టారూ" అంది. అక్కడితో వచ్చేయాల్సిన వాళ్ళం.

బయటికొచ్చే దారిలో గోడవారన ఒక చిన్న సింథసైజర్ ఉంది. ఒళ్ళంతా బిళ్ళలు, మెట్లేమో పిల్లల బొమ్మకి పెట్టినట్టు సన్నగా, దగ్గరదగ్గరగా. వదిన ఆగింది.

"అది ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుని ట్యూన్లు కట్టుకునేవాళ్ళ కోసం మేడమ్. చోటు తక్కువ ఉన్నవాళ్ళు తీసుకుంటారు. స్టేజీ మీద వాయించేవాళ్ళు ఇటు చూడరు, వేళ్ళు ఇరుక్కుంటాయని" అన్నాడు కుర్రాడు.

వదిన హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. ఎడమచెయ్యి మెట్ల మీద పెట్టింది. గెంతుతుందని చూస్తున్నాను. గెంతలేదు. బొటనవేలు ఒకచోట, చిటికెనవేలు ఒకచోట, మధ్యవేళ్ళు మధ్యలో, చెయ్యి అలా పరుచుకుని ఉండిపోయింది. చెయ్యి తీసి, తిప్పి అరచెయ్యి చూసుకుంది. మళ్ళీ పెట్టింది. ఈసారి కుడిచెయ్యి కూడా. తర్వాత ఎంతసేపు వాయించిందో నాకు తెలియదు. ఆవిడ ముఖం చూస్తూ ఉండిపోయాను. మాస్టారు గడియారం చూసుకోబోయి చెయ్యి దించేశారు.

హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి పెట్టింది. "విను" అని పెదవులు కదిలాయి. ఒక్కసారి నొక్కింది, అంతే. కింది స, పై స, మధ్యలో గ, ప. నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేలసార్లు విన్నానో అలాంటివి. కానీ ఆ ముఖం చూస్తూ, మళ్ళీ నొక్కమని సైగ చేశాను.

"ఏముంది వదినా ఇందులో?" అన్నాను, హెడ్‌ఫోన్ తీసేసి.

"ఒక్కొక్కళ్ళూ విడివిడిగా వచ్చేవాళ్ళయ్యా ఇన్నాళ్ళూ" అంది. "ఒకళ్ళొచ్చి కూర్చుంటే, పరిగెత్తుకెళ్ళి ఇంకొకళ్ళని పిలుచుకొచ్చేదాన్ని. ఇవాళ అందరూ కలిసి లోపలికొచ్చారు."

మాస్టారికి విషయం అప్పుడు అర్థమైంది. ఆయన ఆవిడ చేతులవంక మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. అయినా ఆయన బాధలు ఆయనవి. "ఇంట్లోకి హాయిగా తీసుకోమ్మా. స్టేజీ మీద వద్దు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఖాళీ బల్ల ముందు కూర్చుని చేతులాడిస్తున్నట్టుంటుంది. దీని గొంతు కూడా మన హాళ్ళకి ఆనదు."

వదిన కుర్రాడివైపు తిరిగింది. "ఈ చిన్నదాని మెట్లు నొక్కితే ఆ పెద్దదాని గొంతు పలుకుతుందా బాబూ?"

"పలుకుతుంది మేడమ్. ఒక్క కేబుల్ చాలు" అని సొరుగులోంచి కేబుల్ తీసి, రెండింటినీ కలిపి, హెడ్‌ఫోన్ బదులు స్పీకర్‌కి పెట్టాడు.

"మాస్టారూ, ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి" అంది వదిన.

మాస్టారు మూసుకున్నారు. వదిన ఆయన రోజూ పాడే పాట ఒకటి ఎత్తుకుంది, నెమ్మదిగా. హాల్లో పాట బయటికి వినపడటం అదే మొదలేమో, దగ్గర్లో వాళ్ళు హెడ్‌ఫోన్లు దించారు. నేను వందసార్లు మిక్సర్ దగ్గర విన్న పాటే అది. కింద ఇంత లోతుందని నాకెప్పుడూ తెలియలేదు. మాస్టారు పల్లవి అందుకోబోయి, నోరు తెరిచి, పాడకుండా ఆగిపోయారు. కళ్ళు తెరిచాక, "నా పాట కింద ఎవరో నేల పరిచినట్టుంది తల్లీ" అన్నారు. రెండూ మా వ్యానెక్కాయి.

ఇంట్లో బల్ల మీదికి చిన్నది వచ్చింది. తేలిక మెట్లు కాబట్టి నేలకి దెబ్బ తగలదు. నర్సమ్మ దారిలో కనపడి, "వడ్రంగులు వెళ్ళిపోయారా, పాపం" అందట. స్టేజీకి వెళ్ళేటప్పుడు మాత్రం రెండూ వెళ్తాయి. అన్నయ్య ఇనప స్టాండు ఒకటి చేయించాడు, కింద పెద్దది, పైన చిన్నది.

మొదటి కచేరీ ఒక బస్సుల వర్క్‌షాపు వాళ్ళ సభ. నెమ్మది పాటలు రెండు వెళ్ళాయి. జనం కుర్చీల్లో కదలలేదు. కచేరీల్లో మాటలు, ఫోన్లు, పిల్లల గోల ఉంటూనే ఉంటాయి. ఆవేళ వెనక వరసలో నిలబడ్డ మెకానిక్కులు కూడా చేతులు కట్టుకుని వింటున్నారు. నేను మిక్సర్ మీద వేలు పెట్టలేదు. సరిచేయడానికేమీ కనపడలేదు.

మూడోది హుషారు పాట. వదిన చిన్నదానిమీదే మొదలుపెట్టింది. చరణంలోకి వచ్చేసరికి డ్రమ్స్ తమ్ముడు తడబడ్డాడు. ఒక దెబ్బ ముందు పడింది, తర్వాతది వెనకబడింది. మాస్టారు పాడుతూనే వెనక్కి చూశారు. తమ్ముడు బిక్కముఖం వేసుకుని వదిన ఎడమచేతివంకే చూస్తున్నాడు. ఆ చెయ్యి కదలకుండా హాయిగా పరుచుకుని ఉంది. వదిన తల తిప్పి వాణ్ణి చూసింది. కుడిచెయ్యి పైనే ఉంచి, ఎడమచెయ్యి కింది పెద్ద కీబోర్డు మీదికి దించి గెంతడం మొదలుపెట్టింది. కిందికి, పైకి, కిందికి, పైకి. తమ్ముడి దెబ్బ వెంటనే దారిలో పడింది. పైన ఆ కొత్త నిండుదనం, కింద పాత గెంతులు. అంతటి పాట మా బృందం అంతకుముందు వాయించలేదు.

"గెంతకపోతే నేనెక్కడ కొట్టాలక్కా?" అని తర్వాత వాడు లబోదిబోమన్నాడు. "ఇన్నేళ్ళూ నీ చెయ్యి చూసే కదా లెక్క పెట్టుకుంటున్నాను."

వదిన తన ఎడమచెయ్యి చూసుకుంది. "అది లోటనుకున్నానే" అంది, తనలో తను. అప్పటి నుంచి ఏ పాటకి చెయ్యి పరవాలో, ఏ పాటకి గెంతాలో ఆవిడే ఎంచుకుంటుంది.

మొన్నీమధ్య ఒక ఆడిటోరియంలో, మధ్యాహ్నం సౌండు సరిచూసుకుంటుంటే వేరే బృందంలో కీబోర్డు వాయించే ఆయన వచ్చారు. మా వైపు బాగా పేరున్న మనిషి. మాకన్నా ముందు వాళ్ళ కార్యక్రమం. వదిన వాయించేది కాసేపు విని, "ఒక్కసారి నేను కూర్చోవచ్చా అండీ" అని అడిగారు. ఆయన చేతులు చేటలు. చిన్న మెట్ల మీద పెడితే ఒక్కో వేలుకింద రెండేసి మెట్లు దిగి, వినలేని మోత వచ్చింది. అందరం నవ్వాం, ఆయన మాకన్నా గట్టిగా నవ్వారు. తర్వాత కింది పెద్దదానిమీద ఆ ఎడమచేతి గెంతుడు ప్రయత్నించారు. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ. ప్రతిసారీ పక్క మెట్టు మీద పడింది. నవ్వు ఆపేశారు. వదిన చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఆవిడ వేళ్ళ చివరలు ఆయన రెండో కణుపు దగ్గరే ఆగిపోయాయి.

"ఇంత చేత్తో ఇన్నేళ్ళు ఆ పెద్ద మెట్ల మీద ఎలా వాయించారమ్మా?" అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఇంకో చెయ్యి లేదు కదండీ" అంది వదిన.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "నాకది నేర్పుతారా?" అన్నారు. కీబోర్డు ఒక్కటే వినపడేట్టు నేను మిక్సర్ మీద మిగతా మైకులన్నీ తగ్గించేశాను. వదిన ఆయన మణికట్టు పట్టుకుని, మెట్టు మీద కాదు, మెట్టు పైన గాల్లో చెయ్యి ఎక్కడుండాలో చూపించడం మొదలుపెట్టింది.