తలుపుకు వీపు పెట్టి

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. జమ్మలమడుగు దగ్గర ఒక పార్టీ నాయకుడి ఇంట్లో యూఎస్‌బీ పోర్టులు మాటిమాటికీ పోతుంటే మూడోసారి పిలిపించారు. గంటసేపు విప్పి చూశాక కారణం దొరికింది. సీపీయూ బల్లకు ఇవతల ఉంటే, ఆయన అవతల కూర్చుని కీబోర్డు, మౌసు వైర్లను తనవైపు బిగుతుగా లాక్కుంటున్నాడు. ఆ లాగుడికే పోర్టులు వదులైపోతున్నాయి.

"నా మాదిరి ఈ పక్క కూచోన్నా, సరిపోతాది," అన్నాను.

"ఆడ కూచుంటే తలుపు ఈపు తట్టు వస్తాదప్పా. మా నాయిన అట్ల కూచున్యప్పుడే వచ్చి నరికినారు," అన్నాడాయన, పోర్టు సంగతి చెప్పినంత మామూలుగా.

పొడుగు వైర్లు తగిలించాను. మిగిలిన స్క్రూలు మాత్రం తలుపువైపు తిరిగి నిలబడి బిగించాను. ఈ రోజుకీ ఎవరింటికి రిపేరుకు వెళ్లినా ముందు తలుపు ఎటుందో చూసుకుంటాను, కంప్యూటరు తర్వాతే.