పెదాలు చూసి వడ్డించిన మనిషి

చింతామణి బస్టాండు ఎదుటి సందులో ఒక చిన్న హోటల్ ఉంది. బట్లహళ్ళి స్కూల్లో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి నా పొద్దుటి టిఫిన్ అక్కడే. నేను ఎక్కే బస్సు ఎనిమిదిన్నరకు. ఇంట్లో వంట చేసుకుని బయలుదేరితే అది దొరకదు. అందుకని ఎనిమిదికల్లా అక్కడికి చేరి, ఆడవాళ్ళ కోసం చెక్క తడిక కట్టిన మూలలో కూర్చునేదాన్ని.

అక్కడ వడ్డించే ఆయనకు యాభై దాటి ఉంటాయి. భుజాన తెల్ల తువ్వాలు, చేతిలో ఎప్పుడూ ఒక తడిబట్ట. బల్ల తుడిచి, ఎదురుగా నిలబడి, కాస్త ముందుకు వంగి మన ముఖంలోకి చూసేవాడు. "ఏమి తెచ్చేదమ్మా?" అని అడిగి, మనం చెప్పేది పూర్తయ్యేదాకా చూపు తిప్పేవాడు కాదు. అంత శ్రద్ధగా వినే మనిషిని నేను మరే హోటల్లోనూ చూడలేదు. చీటీ రాసుకునేవాడు కాదు. నాలుగు బల్లల వాళ్ళు నాలుగు రకాలు చెప్పినా, కొందరు కన్నడంలో కొందరు తెలుగులో చెప్పినా, ఎవరిది వాళ్ళ ముందుకు వచ్చేది. అది ఆయన మర్యాద అనుకునేదాన్ని.

లాక్‌డౌన్ ఎత్తేశాక హోటల్ మళ్ళీ తెరిచారు. అందరికీ మాస్కులు. మొదటిరోజు నేను ఖారాబాత్ అనే ఉప్మా అడిగితే ఆయన తియ్యటి కేసరిబాత్ తెచ్చాడు. పొరపాటు అనుకుని అదే తిన్నాను. రెండు రోజుల తర్వాత ఇడ్లీ అడిగితే పూరీ వచ్చింది. పక్క బల్ల మీద కూడా ఏదో తగువు. "ఏమప్పా, నిద్రపోతాండావా?" అని ఎవరో విసుక్కున్నారు. ఆయన నవ్వి, ప్లేటు వెనక్కి తీసుకెళ్ళాడు. ఆ నవ్వు నాకు బాగనిపించలేదు.

ఆ వారంలోనే ఒకరోజు వంటగది గుమ్మం దగ్గర స్టీలు ప్లేట్ల దొంతర కింద పడింది. హోటల్లో ఉన్నవాళ్ళందరం ఉలిక్కిపడి అటు తిరిగాం. దానికి వీపు పెట్టి నిలబడి ఉన్న ఆయన మాత్రం నా బల్ల తుడుస్తూనే ఉన్నాడు.

నా క్లాసులో ఇలాంటి పిల్ల ఒకతె ఉండేది. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడితే రాయదు, తన వైపు తిరిగితే గబగబా రాసేస్తుంది. వినపడదని తెలుసుకోవడానికి నాకు సగం ఏడాది పట్టింది. ఈయన విషయంలో మాత్రం ఆ క్షణంలోనే అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆయన మా మాటలు వినలేదు. మా పెదాలు చూసి వడ్డించాడు.

మర్నాడు ఆయన ఎదుటికి రాగానే మాస్కు గడ్డం కిందికి లాగి, గొంతు బయటికి రాకుండా పెదాలతో మాత్రం, "ఒక సెట్ దోశ, సాగు వేరే గిన్నెలో" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. దోశ వచ్చింది, సాగు కూర వేరే గిన్నెలో వచ్చింది. తడిక అవతల కూర్చున్న ఒకాయన లేచి నిలబడి, "మేడమ్, చదువు చెప్పే మీరే ఇట్ల చేస్తే ఎట్ల? మాస్కు పైకేసుకోండి" అన్నాడు. ఆ మనిషి అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా వీధిలో అప్పటికి రెండిళ్ళలో మనుషులు పోయారు. నేను మాస్కు పైకి లాక్కున్నాను.

రద్దీ లేని ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళి, ఆయనకు దూరంగా కూర్చుని మాస్కు తీసి అడిగాను, "మీకు వినపడదు కదా?" అని. ఆయన మొదట గల్లాపెట్టె వైపు చూశాడు. ఓనరు అక్కడ లేడు.

"పదేండ్లయిందమ్మా. మొదుట ఎడమ చెవి పోయింది. ఇప్పుడు రెండూ అంతే. గట్టిగ అరిస్తే ఏదో సద్దు వస్తాది గానీ, మాట రాదు."

"చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తారు. నేను తీసుకెళ్తాను."

"లీవు అడిగితే ఎందుకని అడుగుతాడు. చెవుడని తెలిస్తే ఎవురమ్మా సప్లయింగులో పెట్టుకునేది? ఓనరుకి చెప్పగాకండి. ఈ మాస్కులు పోతే అంతా సరిపోతాది. అంతవరకూ ఎట్లో నెట్టుకొస్తా."

చెప్పనని మాట ఇచ్చాను. చీటీ రాసిస్తే సరిపోతుందా అని అడిగితే, చదువు రాదన్నాడు. ఇక నాకు తోచింది వేళ్ళు చూపించడం. గోడ మీది పట్టికలో ఉన్న పేర్లకు వరసగా అంకెలు అనుకుని, నేను మూడు వేళ్ళు చూపిస్తే ఆయన వడ తెచ్చేవాడు. అది మా ఇద్దరికీ పనికొచ్చింది. మిగతా బల్లల వాళ్ళకు నేనేం చేయగలను?

మాస్కులు పోలేదు. నెలలు గడిచాయి. ఒకరోజు పెద్దవయసు ఆయన ఒకరు కాఫీ అడిగారు. చక్కెర వద్దన్నారని ఆ తర్వాతే తెలిసింది. వడ్డించే ఆయన తెచ్చిన కాఫీ ఒక గుటక తాగి, లోటా బల్ల మీద విసిరినట్టు పెట్టి, మాస్కు పైకి లాక్కుని లేచారు.

"నాకు షుగరుండాది, చక్కెర వద్దని రెండుసార్లు చెప్తిని. నన్ను చంపాలని ఉండారా మీరు? ఈ చెవుడోణ్ణి యాడ దొరికిచ్చుకున్నారు?"

ఆయన కోపంలో అన్న మాట అది, నిజం తెలిసి కాదు. కానీ అందరూ అటే చూస్తున్నారు. వడ్డించే మనిషి ఆ పెద్దాయన ముఖం మీది మాస్కు వైపు చూస్తూ నిలబడ్డాడు, అది ఎప్పుడు కిందికి దిగుతుందా అన్నట్టు. ఆయన ఏమంటున్నాడో ఈయనకు తెలియదు. ఓనరు గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, "నీకేమొచ్చిందప్పా ఈ మధ్య? దినమూ ఇదే కథ" అన్నాడు. ఆయన కూడా మాస్కులోంచే అన్నాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వడ్డించే ఆయన లోపలికి వెళ్ళాక గల్లా దగ్గరికి పోయి, ఓనరుకి సంగతి చెప్పేశాను. ఆయన తప్పు కాదని చెప్పాలనే నా ఆరాటమంతా. ఇచ్చిన మాట గుర్తులేక కాదు. చెబితే మంచి జరుగుతుందని నాకు గట్టి నమ్మకం.

ఓనరు చిల్లర లెక్కపెట్టడం ఆపాడు. "పదారేండ్లు నా దగ్గరుండాడు మేడమ్. నాకే తెలీలేదే" అన్నాడు. తర్వాత, "చెప్పి మంచిపని చేసినారు. పని తీసేసేది లేదు. లోపల పెడతా. ఆడ ఎవురి మాటా ఇనే పనిలేదు" అన్నాడు. నేను ఆయనకు థ్యాంక్స్ కూడా చెప్పాను.

ఆ తర్వాతి సోమవారం నాకు టిఫిన్ తెచ్చింది వేరే మనిషి.

ధైర్యం చేసుకుని వంటగదిలోకి వెళ్ళాను. ఆయన గ్రైండర్ పక్కన కూర్చుని పిండి తోస్తున్నాడు. మాస్కు తీసి, "నేను మీ మంచికే చెప్పాను" అన్నాను. ఆయన నా పెదాలు చూశాడు.

"తెలుసులేమ్మా. సంబళం పాతదే ఇస్తాండాడు, ఏం తగ్గించలేదు. కూర్చునే పని." చేతికంటిన పిండి దులిపి, "ఈడ ఎవురూ నన్ను పిలిచేది లేదు, అంతే" అన్నాడు. మళ్ళీ పిండి వైపు తిరిగాడు. ఆయన చూడకపోతే నేను ఏం మాట్లాడినా ప్రయోజనం లేదు. మాస్కు పెట్టుకుని వచ్చేశాను.

కొన్నాళ్ళకు మాస్కులు నిజంగానే పోయాయి. ఇక ఆయన్ని బయట పనిలో వేయమని ఓనరుని అడిగాను. "నేనేం వద్దన్లేదు, ఆయన్నే అడగండి" అన్నాడు. అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు అందరికీ తెలుసమ్మా. నా ముందరికొచ్చి నోరు ఇంత పెద్దగ తెరిచి ఒక్కొక్క అక్షరం చెప్తారు. అట్ల చెప్తే నాకు మాట తెలీదు. పక్కనోళ్ళు నగుతారు."

చివరికి మా స్కూలుకు సెలవున్న ఒకరోజు, ఓనరు కారులోనే ముగ్గురం చిక్కబళ్ళాపురం వెళ్ళి పరీక్ష చేయించాం. కొన్ని నెలలకు చెవిలో పెట్టుకునే మిషను వచ్చింది. అది పెట్టుకుని ఆయన వంటగదిలోకి వెళ్ళిన పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. గ్రైండర్, పెద్ద స్టవ్ మంట, తొట్టిలో పడే ప్లేట్లు, అన్నీ ఒకేసారి ఆయన మీద పడ్డాయి. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మెల్లగా అలవాటవుతుందని డాక్టరు చెప్పిన సంగతి గుర్తు చేశాను. మూడు రోజులు ప్రయత్నించాడు. నాలుగో రోజు దాన్ని డబ్బాలో పెట్టి, సాంబారు పొడి డబ్బాల పక్కన పైన పెట్టేశాడు.

పెట్టుకోమని బలవంతం చేయాలా, వదిలేయాలా అని చాలాసార్లు ఆలోచించాను. ఆయన గురించి ఒకసారి నేనే నిర్ణయం తీసుకుని చూశాను కాబట్టి, ఇక నోరు విప్పలేదు. ఇది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పటికీ టిఫిన్ అక్కడే తింటున్నాను. కొత్తాయన మంచివాడే. ఫోన్‌లో టైపు చేసుకుని ఆర్డరు తీసుకుంటాడు, తప్పు చేయడు. ఎప్పుడైనా వంటగదిలోంచి ఇడ్లీ పాత్ర మోసుకుని పాతాయన బయటికి వస్తే, నేను పిలిచినట్టు చెయ్యెత్తుతాను. ఆయన తలాడించి, పాత్ర దించి, లోపలికి వెళ్ళిపోతాడు.